ఎండబెట్టని సోడా

ఇరవై రెండేళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండర్‌గా పనిచేశాను. నేను చదివింది ఐదో తరగతి. అదీ చివరి పరీక్ష రాయలేదు, నాట్లకు పోవాల్సి వచ్చింది. అయినా సూర్యాపేటలో నా చేతుల మీదుగా వెళ్లిన ఇంటర్ పిల్లలందరినీ ఒకచోట నిలబెడితే చిన్న ఊరంత అవుతారు. వాళ్లలో చాలామందికి నా పేరు తెలియదు. 'చుక్కల అవ్వ' అంటే మాత్రం గుర్తుపడతారు. రంగు తెలియడానికి వేసే ఇండికేటర్ రెండు చుక్కలు చాలు. మూడో చుక్క వేసినవాళ్ల చేతిలోంచి సీసా లాక్కునేదాన్ని. అందుకే ఆ పేరు. నా ఎదుట అనేవాళ్లు కాదు, తలుపు దాటాక అనేవాళ్లు. నా చెవులు అప్పుడు బాగానే పనిచేసేవి.

కొత్తగా ఇలాంటి కొలువుల్లో చేరిన పిల్లలు, ఆడపిల్లలు ముఖ్యంగా, పనిలో ఏం జాగ్రత్త పడాలి అని నన్ను అడుగుతుంటారు. నేను బాగా చేసిన పనులు చెబితే వాళ్లకు ఒరిగేది లేదు. కోదాడలో ఒక రోజు నేను చేసిన తప్పు చెబుతాను. అది రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు మాట. పని మొత్తం వచ్చేసిందని అనుకుంటున్న రోజులు.

దానికంటే ముందు వడ్ల సంగతి చెప్పాలి. ల్యాబుకు రాకముందు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో ఎనిమిదేళ్లు వడ్లు ఎండబోశాను. ఎండ పడగానే సిమెంటు గచ్చు మీద వడ్లు పరచాలి, గంటకోసారి కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగెయ్యాలి, మబ్బు పట్టిందంటే ఉరికురికి కుప్పచేసి పట్టాలు కప్పాలి. తేమ కొలిచే మిషన్ ఆఫీసులో ఉండేది. మాకు దానితో పనిలేదు. గింజను పంటి కింద పెడితే తెలిసిపోయేది. ఎండిన గింజ టక్కున విరుగుతుంది, పచ్చి గింజ మెత్తగా నలుగుతుంది.

అక్కడ కాంటా దగ్గర ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. తూకం ఆయన పని. ఒక రోజు అన్నాలు తినేటప్పుడు మమ్మల్ని ఒక లెక్క అడిగాడు. వంద కిలోల వడ్లున్నాయి, తేమ నూటికి ఇరవై రెండు. ఎండబోసి తేమను పదిహేడుకు తెస్తే ఎన్ని కిలోలు తూగుతాయి? ఐదు పోయింది కాబట్టి తొంభై ఐదు అన్నాం అందరం, ఆలోచించకుండానే. తొంభై నాలుగే అన్నాడు ఆయన. మేము నవ్వాం. ఒక్క కిలో నువ్వెత్తుకపోతవా అని అడిగిందొక ఆమె. ఆయన కోపం తెచ్చుకోలేదు. వంద కిలోల వడ్లు మా చేతనే తూయించి, మా చేతనే ఎండబోయించి, రెండో రోజు మళ్లీ తూయించాడు. తొంభై నాలుగే వచ్చింది.

"వందల గింజ డెబ్బై ఎనిమిది, నీళ్లు ఇరవై రెండు" అన్నాడు. "ఎండినంక గూడ గింజ గదే డెబ్బై ఎనిమిది. అది యాడికి పోతది? ఇప్పుడు ఆ డెబ్బై ఎనిమిదే నూటికి ఎనభై మూడు పాళ్లు గావాలె. లెక్క సూడుండ్రి, మొత్తం తొంభై నాలుగు అయితది. మీరు పోయినదాన్ని లెక్కపెడుతున్నరు. పోనిదాన్ని పట్టుకోవాలె."

ఆయన ఎంత చదివాడో నాకు తెలియదు. ఆ మాట మాత్రం నా వెంట సూర్యాపేట దాకా వచ్చింది.

సూర్యాపేటలో మొదట కాలేజీ ఊడ్చే పనిలో చేరాను. ల్యాబులో ఉన్న అతను మానేస్తే, గాజు సామాను పగలగొట్టకుండా కడుగుతున్నానని నన్ను లోపలికి పంపారు. మొదటి నెల సీసాల మీది అంకెలే చూసుకుంటూ తిరిగాను. ఫలానా పొడి లీటరు నీళ్లలో ఇన్ని గ్రాములు. సార్లు దాన్ని గాఢత అంటారు, మొలారిటీ అంటారు. నాకు అది వడ్ల తేమ లెక్కే అని అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నీళ్లు ఎన్ని పోసినా పోసిన ఉప్పు పెరగదు, తగ్గదు. అది పోనిది. దాన్ని పట్టుకుంటే మిగతా లెక్క అదే వస్తుంది. నాకు ఫార్ములా రాదు. కాని నేను కలిపిన ద్రావణం తప్పిందని ఏ సారూ అనలేదు, ఆ కోదాడ రోజు దాకా.

ఆ ఏడు బైపీసీలో ఒక పిల్ల ఉండేది. త్రిపురారం దగ్గర ఒక తండా పిల్ల. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదివేది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కాలేజీ పుస్తకంలో మూడో భాష. నర్సింగ్ చదవాలని పట్టు. ఇంటర్ ఒక్కసారికే గట్టెక్కాలి, లేకపోతే ఇంకో ఏడాది హాస్టల్లో ఉంచే శక్తి ఇంట్లో లేదు. మిగతా పాఠాలన్నీ చదివేది గాని ఈ గాఢత లెక్కల దగ్గరికి వచ్చేసరికి చెమటలు పట్టేవి. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ల్యాబులో ఒక్కతే కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. నేను బ్యూరెట్లు కడుగుతున్నాను. పని మధ్యలో ఏడుపులు నాకు నచ్చవు.

"ఎందుకేడుస్తున్నవే? నీ కన్నీళ్లు సీసాల పడితే ఇంకింత పలచనైతది గని లెక్క తెగదు."

"ఈ ఎం వన్ వీ వన్ సూస్తేనే పరేషాన్ అయితది అవ్వా. సార్ బట్టీ కొట్టుమంటడు. కొట్టిన. గని ఏది ఎక్కడ బెట్టాల్నో తెల్వది."

మీ ఇంట్లో వడ్లు పండుతాయా అని అడిగాను. పండుతాయంది. అమ్మేటప్పుడు కొనుగోలు కేంద్రంలో ఎవరు వెంట పోతారంటే నేనే పోతా అంది. మిషన్‌లో తేమ అంకె చదివేది, తేమకని తూకంలో ఎంత తరుగు తీస్తున్నారో చూసేది కూడా తనేనట. అప్పుడు మిర్యాలగూడ కాంటా లెక్క అడిగాను. మేము చెప్పినట్టే తొంభై ఐదంది. నేను నవ్వలేదు. తెల్ల కాగితం దండగ చేయకుండా పాత రికార్డు అట్ట వెనకాల గీసి చూపించాను, గింజ ఇంత, నీళ్లు ఇంత అని. చాలాసేపు అట్టను చూసింది. తరువాత తనంతట తనే పుస్తకంలోని లెక్క తీసి, సోడా ఇంత, నీళ్లు ఇంత అని రెండు గీతలు గీసింది. జవాబు వచ్చింది. వెనక పేజీలో చూసుకుని నా వైపు అనుమానంగా చూసింది, నేనేదో మాయ చేసినట్టు.

తర్వాత రెండు నెలలు రోజూ సాయంత్రం ఆగేది. నేను చెప్పింది లెక్కలు కాదు. ఒకటే చెప్పేదాన్ని. కండ్ల ముందటున్నదే రాయి, చెవిల పడ్డది రాయకు అని. ఎందుకంటే ప్రాక్టికల్ పరీక్షల్లో చాలాచోట్ల ఒక అలవాటుంది. ఫ్లాస్కులోని సోడా నీళ్లు రంగు మారేదాకా బ్యూరెట్‌లోంచి ఎంత ఆసిడ్ దిగిందో చూసి రాయాలి, దాన్నే రీడింగ్ అంటారు. కాని రావాల్సిన రీడింగ్ ఎంతో ముందే పిల్లల చెవిన పడుతుంది. వాళ్లు బ్యూరెట్ చూడకుండా అది రాసేస్తారు. మా ల్యాబులో నేనున్నన్ని రోజులు ఆ పని జరగనివ్వలేదు. ఆ విషయంలో పిల్లలు నన్ను తిట్టుకున్నారు, తల్లిదండ్రులు తిట్టుకున్నారు, ఒకరిద్దరు సార్లు కూడా తిట్టుకున్నారు.

ఆ ఏడు మా పిల్లల ప్రాక్టికల్స్‌కు కోదాడలో ఒక కాలేజీని సెంటర్‌గా వేశారు. ఆ ల్యాబులో సామాను తక్కువ, మా సోడా (సార్లు సోడియం కార్బనేట్ అనే తెల్లపొడి), మా పిపెట్లు మేమే పట్టుకుపోవాలి. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. నేను, మా కెమిస్ట్రీ సారు, ఇరవై ఒక్క మంది పిల్లలు పొద్దున్నే బస్సెక్కాం. సారు చిన్నవాడు, కాంట్రాక్టు మీద ఉన్నవాడు, ఎప్పుడూ ఎవరికో ఒకరికి భయపడుతూ ఉండేవాడు. నేనూ టెంపరరీనే. ఆ వేసవిలో నన్ను పర్మినెంట్ చేస్తామని ఆఫీసులో ఫైలు కదులుతోంది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది.

నా సంచిలో రెండు సోడా డబ్బాలున్నాయి. ఒకటి కొత్తది, సీలు తియ్యలేదు. ఇంకోటి కిందటేడాదిది, సగం ఉంది, మూత పగిలింది. పగిలిన మూత మీద పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి వానాకాలమంతా అలమరలో దాచాను. కోదాడ ల్యాబులో ఆ డబ్బా తెరిచేసరికి లోపల గడ్డలు కట్టి ఉంది. కొత్తది తీద్దామని చెయ్యి పోయింది. మిగిలినదాన్ని ఏం చేయాలి అనిపించింది. కల్వంలో వేసి గడ్డలు దంచాను. మెత్తటి తెల్లటి పొడి వచ్చింది. లీటరుకు ఐదు పాయింట్ మూడు గ్రాములు. గ్రాములో నూరో వంతు కూడా పోనివ్వకుండా తూచాను. ఫ్లాస్కు మెడ మీది గీత దాకా నీళ్లు, ఒక చుక్క ఎక్కువ కాకుండా. ఇంత శ్రద్ధగా తప్పు చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పరీక్షకు ముందు సారు ఒకసారి తానే చేసి చూసుకోవాలి. రీడింగ్ ఇరవై రావాలి. ఎప్పుడూ ఇరవైయే వస్తుంది. అందుకని ఆయన చేయకుండానే కాగితం మీద ఇరవై రాసి సంతకం పెట్టాడు. నేను చూశాను, ఏమీ అనలేదు. నా తూకం మీద ఆయనకున్న నమ్మకం నాకు కొంచెం ముద్దుగానే అనిపించింది.

కోదాడ ల్యాబు అటెండరు నా ఈడువాడే. మంచి మనిషి, పిల్లలను చూస్తే కరిగిపోయే రకం. పిల్లలు లోపలికి రాకముందు బల్లల మీద ఫిల్టర్ పేపరు ముక్కలు పెడుతూ తిరిగాడు, మనిషికి రెండు చొప్పున. ఎందుకవి అని అడిగాను.

"రెండు ముక్కలంటే ఇరవై అండి అక్కా. మా దగ్గర పిల్లలకి తెలుసు, మీ వాళ్లకి కూడా పొద్దున చెప్పేశాను. నోరు తెరిచి చెప్పక్కర్లేదు, చూడండి ఎంత మర్యాదగా ఉందో."

"తీసెయ్ అవి."

"మీరు మరీనండి. పరీక్ష రోజు కూడా పిల్లల మీద పంతమేనా?"

ఆ ల్యాబు ఆయనది. మా తండా పిల్ల బల్ల మీద ఉన్న రెండు ముక్కలు మాత్రం తీసి కొంగున కట్టుకున్నాను.

రెండింటికి ఎగ్జామినర్ వచ్చాడు. వేరే జిల్లా నుంచి వచ్చిన ప్రభుత్వ కాలేజీ సారు. మాట తక్కువ. పరీక్ష మొదలైంది. నేను గోడ పక్కన నీళ్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. పిల్లలు బ్యూరెట్ తిప్పుతున్నారు, పసుపు రంగు ద్రావణం ఎర్రబారుతోంది. పదిహేడు దగ్గరే మారుతోందని నా కంటికి అక్కడినుంచే అనిపించింది. కళ్లజోడు మసకేమో అనుకుని తుడుచుకున్నాను. పిల్లలు మారిన రంగును చూస్తున్నారు, పక్కనున్న రెండు కాగితం ముక్కలను చూస్తున్నారు, ఇరవై రాస్తున్నారు. తెలివైనవాళ్లు ఒకచోట పందొమ్మిది పాయింట్ తొమ్మిది అని కూడా రాశారు, అనుమానం రాకుండా.

ఎగ్జామినర్ ఒక్కో కాగితం చూస్తూ మా పిల్ల దగ్గర ఆగాడు.

"నీకొక్కదానికే వేరే సీసా ఇచ్చారా అమ్మా?"

"లేదు సార్."

"అందరికీ ఇరవై వస్తే నీకు పదిహేడు పాయింట్ ఒకటి ఎలా వచ్చింది?"

"నాకు అంతే వచ్చింది సార్. మూడుసార్లు చేసిన."

ఆయన కోప్పడలేదు. దాని రీడింగ్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, టైముంది, మళ్లీ చెయ్యి అని ముందుకు వెళ్లాడు. పిల్ల మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఈలోగా మా సారు దాని వెనకాల వంగి గుసగుసగా ఏదో అన్నాడు. ఇరవై రాస్తే అయిపోతుంది, ప్రాక్టికల్ పోతే ఏడాది పోతుంది అన్నాడని తరువాత అది చెప్పింది. కలం పట్టుకుని కాగితం వైపు కాదు, నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వు చెప్పిందే చేశాను కదా, ఇప్పుడేమంటావు అని అడిగినట్టుంది.

నేను చేతులు తుడుచుకుని పాత డబ్బా దగ్గరికి వెళ్లాను. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. పొడిపొడిగా జారలేదు, అంటుకుంది. ఎనిమిదేళ్లు పంటితో తేమ చూసినదాన్ని. వానాకాలం ఇంట్లో ఉప్పు డబ్బా మూత పెట్టకపోతే ఏమవుతుందో తెలిసినదాన్ని. గడ్డలు చూసి కూడా దంచితే సరిపోతుందనుకున్నాను. దంచితే గడ్డ పోతుంది గాని తేమ ఎక్కడికి పోతుంది? నేను సోడా అనుకుని తూచినదాంట్లో నీళ్లు ఉన్నాయి. సోడా తక్కువైతే ఆసిడూ తక్కువే దిగుతుంది.

సారును పక్కకు పిలిచి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"అమ్మా, జర ఊకో" అన్నాడు. "ఇప్పుడు చెప్తే ఏమైతదో తెలుసా? ఇరవై రాసిన ఇరవై మంది దొరుకుతరు. నేను సంతకం పెట్టిన. నీ ఫైలు సుత ఆగుతది. ఒక్క పిల్ల కోసం ఇందరిని ఖతం చేస్తవా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఇబ్బంది. నేను ఊరుకుంటే ఎవరికీ ఏమీ కాదు, చూసింది చూసినట్టు రాసిన ఆ పిల్లకు తప్ప. తప్పు చేసింది నేను. ఆ తప్పు దాని మార్కుల్లోంచి పోవాలా? నేను ఎంతోసేపు ఆలోచించానని మీరు అనుకోకండి. ఫైలు గురించి ఆలోచించాను, నిజమే. బ్యూరెట్ ఒకసారి నింపేంత సేపు పట్టి ఉంటుంది.

ఎగ్జామినర్ ఎదుటికి వెళ్లి నిలబడ్డాను.

"సార్, ఆ పిల్ల తప్పు లేదు. సోడా కలిపింది నేను. సోడాల తేమ ఉన్నది, ఎండబెట్టకుండ తూచిన."

మీరెవరు, ఎంతవరకు చదువుకున్నారు అని అడిగాడు. అటెండర్నని, ఐదో తరగతని చెప్పాను.

"మరి తేమ ఉందని ఎలా చెబుతున్నారు?"

"చెప్పుడెందుకు సార్. తూచి సూపిస్త."

ఆయన వాచీ చూసుకున్నాడు. పదిహేను నిమిషాలు అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉన్నదంటే ఆ పదిహేను నిమిషాల వల్లే.

పింగాణీ గిన్నె తూచి, అందులో అదే డబ్బాలోని పొడి పది గ్రాములు ఆయన కళ్ల ముందే తూచాను. బర్నర్ మీద పెట్టి గాజు కడ్డీతో కలుపుతూ ఉన్నాను. మొదట ఏమీ కాలేదు. పిల్లలు కలాలు పక్కన పెట్టి చూస్తున్నారు. మా సారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. గిన్నె మీద గాజు పలక అడ్డం పెట్టాను. కాసేపటికి దాని అడుగున సన్నటి నీటి బిందువులు పట్టాయి. కోదాడ అటెండరు నా భుజం మీదుగా తొంగి చూసి, "అయ్యో, నీళ్లేనండీ" అన్నాడు, ఎవరూ అడగకుండానే. పలక తీసేసి పొడి జలజలమని జారేదాకా కలిపాను. వేడిది తూస్తే తప్పు చూపిస్తుంది, అందుకని తడిగుడ్డ మీద పెట్టి చల్లార్చాను. గిన్నె అడుగు తుడిచాను. కాంటా మీద పెట్టాను.

గిన్నె తూకం తీసేస్తే ఎనిమిది పాయింట్ ఐదు ఐదు.

ఎగ్జామినర్ ఆ అంకెను చూశాడు. నన్ను కాదు, మా పిల్లను పిలిచాడు.

"పది గ్రాములకు అసలు సోడా ఇంతే ఉంది. అలాంటప్పుడు ఇరవై రావాల్సిన రీడింగ్ ఎంత వస్తుంది?"

పిల్ల ఫార్ములా రాయలేదు. చేతిలో కాగితం కూడా లేదు. పింగాణీ గిన్నెనే చూస్తూ పెదాలు కదిలించింది. ఇంట్లో మాట్లాడే భాషలో అంకెలు వేసుకుంటోందని నాకు తెలుసు, లెక్క గట్టిదైతే అట్లాగే చేసేది. పైకి చెప్పేసరికి తెలుగులోకి మారింది.

"పోనిది ఎనిమిది పాయింట్ ఐదు ఐదు సార్. ఇరవైకి గదే పాలు తీస్తే పదిహేడు పాయింట్ ఒకటి."

ఆయన దాని కాగితం తీసి, తాను ఎర్ర సిరాతో చుట్టిన సున్నాను ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. సీసా మీది గాఢతను ఆ లెక్క ప్రకారం దిద్దించాడు. తరువాత మిగిలిన ఇరవై మంది వైపు తిరిగాడు. నేను భయపడిందంతా ఇప్పుడు వస్తుందనుకున్నాను.

"ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగను" అన్నాడు. "కాగితాలు వెనక్కి ఇవ్వండి. కొత్తవి తీసుకోండి. అదే సీసా, అదే ఆసిడ్. గంట టైము. ఈసారి బ్యూరెట్ చూసి రాయండి."

కోదాడ అటెండరు ఒక్కో బల్ల దగ్గరికి వెళ్లి ఫిల్టర్ పేపరు ముక్కలన్నీ ఏరుకుని జేబులో వేసుకున్నాడు. నా దగ్గరికి వచ్చి బ్యూరెట్లు కడగడానికి పట్టాడు. ఆ గంటలో మేమిద్దరం మాట్లాడుకోలేదు గాని చేతులు బాగా కలిశాయి.

రెండోసారి అందరికీ పదిహేడు వచ్చిందని చెబితే అందంగా ఉంటుంది. రాలేదు. సగం మందికి వచ్చింది. కొందరికి పద్దెనిమిదిన్నర. ఒకడికి ఇరవై నాలుగు. రెండేళ్లు ల్యాబుకు వచ్చి బ్యూరెట్‌ను నిజంగా చూసింది ఆ గంటే కాబట్టి అంతకంటే ఎక్కువ ఆశపడలేం. ఫలితాలు వచ్చినప్పుడు చూస్తే ఎవరి ఏడాదీ పోలేదు. మార్కులు మాత్రం ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకు వచ్చాయి. మా పిల్లకు రావాల్సినవి వచ్చాయి, ఒకటి తప్ప. రికార్డుకు పాత అట్టే వేసింది, అది నలిగిందని ఆ ఒక్కటీ తగ్గించారట. అది నా దగ్గర నేర్చుకున్న పొదుపు, దాని తప్పు కాదు.

ఎగ్జామినర్ రాసి పంపిన చీటీ మా ప్రిన్సిపాల్‌కు చేరింది. సారును పిలిచి మందలించారు, ఉద్యోగం పోలేదు. తరువాతి పరీక్షల నుంచి ఆయన ప్రతిసారీ తానే చేసి చూసుకున్న తర్వాతే సంతకం పెట్టేవాడు. నా ఫైలు ఆగింది. మూడేళ్ల తర్వాత టెంపరరీగానే రిటైర్ అయ్యాను. బాధ లేదా అంటే ఉంది. అది వేరే సంగతి. మీరు ఇలాంటి చోట నిలబడినప్పుడు ఏమీ పోదని ఎవరైనా చెబితే నమ్మకండి. పోతుంది. పోనిది ఏదో చూసుకోవాలి.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో పిల్ల నా పక్కనే కూర్చుంది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. నా ఒళ్లో ఉన్న సంచిలోకి చూసింది. సీలు తియ్యని కొత్త డబ్బా అందులో అట్లాగే ఉంది.

"కొత్తది ఉండె గద అవ్వా?"

"ఉండె."

"మరి?"

ఇరవై ఏళ్లు పిల్లలను మూడో చుక్కకు తిట్టినదాన్ని. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మునగాల దాటాక చెప్పాను.

"మిగిలింది పారేయబుద్ధి కాలే."

"మా అమ్మ గూడ గంతే" అంది. ఆ మాటలో వెక్కిరింత ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సంచిలోంచి పాత డబ్బా తీసి, పరీక్ష రాసిన కలంతోనే దాని మీద ఏదో రాసి నా చేతికిచ్చింది. కళ్లజోడు సర్దుకుని చదివాను. 'తరుగు తియ్యలేదు' అని ఉంది.

డబ్బా పారేయలేదు. మర్నాడు ల్యాబుకు వెళ్లి అందులో ఉన్నదంతా వేయించి, చల్లార్చి, తూచి, కొత్త మూత కొని బిగించాను. ఆ సోడా తరువాతి ఏడాది పరీక్షలకు సరిపోయింది. పరీక్షకు ముందు సారు చేసి చూస్తే సరిగ్గా ఇరవై వచ్చింది. కొత్త డబ్బా సీలు ఆ పైఏడు తీశాను.